సరుగుడు చెట్టు నుంచి పడ్డ కొబ్బరికాయ

కొబ్బరికాయ నెత్తిన పడి చచ్చిపోయాడని రిపోర్టు వచ్చింది.

రిపోర్టుకి ఫోటో జతచేసి ఉంది. అందులో ఊయల ఉంది, ఊయలలో మనిషి ఉన్నాడు, పక్కన ఇసుకలో కొబ్బరికాయ కూడా ఉంది. లేనిదల్లా కొబ్బరిచెట్టు. ఊయల కట్టింది రెండు సరుగుడు చెట్లకి.

"సరుగుళ్ళకి కొబ్బరికాయలు ఎప్పటినుంచి కాస్తున్నాయి సార్?" అంది పిన్ని.

చీఫ్ నవ్వలేదు. ఆయన ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు పైన ఉంటుంది. కింద ఇస్త్రీ పెట్టె దించినప్పుడల్లా గది నేలలోంచి ఆవిరి వాసన వస్తుంది. చచ్చిపోయినవాడు కొంగ. పొడుగు కాళ్ళ మనిషి కాబట్టి డిపార్టుమెంటులో ఆ పేరు. పిన్నికి యాభై నాలుగేళ్ళు. ఎవరింటికి వెళ్ళినా పది నిమిషాల్లో వంటగదిలో కూర్చోగలదు కాబట్టి ఆమెకి ఈ పేరు.

"మిషన్ చెప్పండి."

"ఒక దీవి. దాని మీద రిసార్టు. తాటాకు కాటేజీలు, ఊయలలు, బీచి. బ్యాక్‌ప్యాకర్లు వస్తారు, వారం రోజులు పడుకుంటారు, పోతారు. పైకి అంతే."

"లోపల?"

"విదేశీ ముఠా. మన హార్బర్ ముఖద్వారంలో నీటి అడుగున మైన్లు ఎక్కడెక్కడ పెట్టామో చూపించే మ్యాపు దొంగిలించి ఫిల్ము మీదికి ఎక్కించారు. జానెడు ఫిల్ము. శుక్రవారం నాలుగింటికి స్పీడ్‌బోటు వచ్చి పట్టుకుపోతుంది. అది చేతులు మారితే శత్రువు ఓడలు మైన్లు తప్పించుకుని నేరుగా మన హార్బరులోకి వచ్చేస్తాయి."

"ఎవరి దగ్గరుంది?"

"అది కనుక్కునే లోపే కొంగ మీద కాయ పడింది. అక్కడ మన మనిషి ఇంకొకరున్నారు. కోడ్‌నేమ్ సీతాకోక. యోగా టీచర్ వేషం. నువ్వు 'సముద్రం నిన్నటికన్నా ఉప్పగా ఉంది' అనాలి. ఆవిడ 'నిన్న పంచదార కలిపాం' అంటుంది."

"ఈ కోడ్‌వర్డులు ఎవరు రాస్తారు సార్?"

"నేనే."

"బాగుంది సార్."

చీఫ్ డ్రాయరు లోంచి ఒక టాల్కం పౌడరు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున రేడియో. తరవాత మూడు గుడ్డముక్కలు పరిచాడు. పచ్చ, తెలుపు, ఎరుపు.

"రేడియో పనిచెయ్యకపోతే ఇది. ఒడ్డుకి మైలు దూరంలో మన చేపల పడవ ఒకటి ఉంటుంది. టెలిస్కోపుతో నీ కాటేజీ ముందు బట్టల తీగ చూస్తుంటారు. మూడు రంగులూ వరసగా ఉండాలి. తెలుపు మధ్యలో ఉంటే వెంటనే రమ్మని. ఎరుపు మధ్యలో ఉంటే అంతా క్షేమం, రావద్దని."

"ఒంటరి ఆడమనిషి బ్యాగు తగిలించుకుని బీచికి వెళితే అనుమానం రాదా?"

"ఒంటరిగా ఎందుకు? నీ స్నేహితురాళ్ళతో ట్రిప్పుకి వెళ్ళాలని రెండేళ్ళుగా సెలవు అడుగుతున్నావుగా. ఇదిగో, శాంక్షన్."

పిన్ని ఆ కాగితం ముట్టుకోలేదు. "నేను పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతానని తప్ప వాళ్ళకేమీ తెలియదు సార్."

"తెలియకపోవడమే వాళ్ళకి రక్షణ."

"ఇరవై రెండేళ్ళ స్నేహం. వాళ్ళలో ఒక్కరికి ఏమన్నా అయిందంటే..."

"వెనక్కి తీసుకొచ్చెయ్యి. అందుకే నిన్ను పంపిస్తున్నాను."

కింద ఇస్త్రీ పెట్టె దిగింది. ఆవిరి బుస్సుమంది. పిన్ని కాగితం తీసుకుంది.

*

లాంచీ దిగగానే మేనేజరు ఎదురొచ్చాడు. పూల చొక్కా, వట్టి కాళ్ళు, చెరగని నవ్వు. ముగ్గురి మెళ్ళోనూ గవ్వల దండలు వేసి, పాస్‌పోర్టులు తీసుకున్నాడు. "సేఫ్‌లో పెడతానండి. ఇక్కడ కోతులెక్కువ."

తరవాత మెడలో వేలాడుతున్న కెమెరా ఎత్తాడు. "వచ్చినప్పుడొక ఫోటో, వెళ్ళేటప్పుడొక ఫోటో. మా రిసార్టు పద్ధతి."

"ఉండవయ్యా, బ్యాగు దించనీ," అంది నర్సక్క. ముప్పై ఏళ్ళు హెడ్‌నర్సుగా చేసి రిటైరైన మనిషి. నిలువెత్తు విగ్రహం. సెలవులకొచ్చినా తెల్ల చొక్కానే తొడుక్కుంటుంది. రంగు బట్టలు వేసుకుంటే డ్యూటీ ఎగ్గొట్టినట్టు ఉంటుందట.

మూడో మనిషి టైలరమ్మ. పొట్టిగా, గుండ్రంగా, చెరుకుముక్కలా ఉంటుంది. ఎక్కడికెళ్ళినా ఆమె కళ్ళు ముందు మనిషిని చూడవు, మనిషి బట్టల అతుకులు చూస్తాయి. లాంచీలో వస్తూ వస్తూనే సరంగు చొక్కా చంకలో చిరుగు కనిపిస్తే, చుక్కాని మీంచి అతని చెయ్యి తీయనివ్వకుండానే కుట్టేసింది.

"వదినా, ఆ టోపీ ఏమిటే? అంచు కళ్ళమీదికి వాలిపోతోంది. గట్టిగుడ్డ పెట్టకుండా కుట్టారు, దొంగ పీనుగులు," అంది పిన్నిని చూసి.

"ఎండ తగలకపోతే చాల్లే," అంది పిన్ని, అంచు కిందనుంచే చూస్తూ. కెమెరా క్లిక్కుమంది.

రిసెప్షన్ గోడ నిండా ఫోటోలున్నాయి. పైన పెద్ద అక్షరాలతో 'సంతోషంగా వెళ్ళిన మా అతిథులు' అని రాసి ఉంది. మూడో వరసలో కొంగ. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. కింద తేదీ వేసి ఉంది. పిన్నికి ఆ తేదీ తెలుసు. కొబ్బరికాయ పడిన రోజు అది.

వెనక లాంచీ ఇంజను మోగింది. తిరిగి చూసేసరికి నీటిమీద తెల్లటి గీత మాత్రం మిగిలింది.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అంది పిన్ని.

"వస్తుందండీ," అన్నాడు మేనేజరు. "తొందరేముంది?"

*

దీవి చుట్టూ నడవడానికి నలభై నిమిషాలు పట్టింది. బయలుదేరిన ఊయల దగ్గరికే వచ్చారు. రెండోసారి అటునుంచి నడిచారు. మళ్ళీ అదే ఊయల.

రేడియోలో గురక తప్ప ఇంకేమీ రాలేదు. పిన్ని రంగు గుడ్డలు మూడూ ఉతికినట్టు తడిపి, పరీక్షకని తీగమీద ఎరుపు మధ్యలో ఉండేలా ఆరేసి చూసింది. ఐదు నిమిషాలు కాకముందే పనివాళ్ళు ఇద్దరు పరిగెత్తుకొచ్చి తీసుకుపోయారు. "మీరెందుకు కష్టపడతారమ్మా? హాలిడేకి వచ్చారు. మేము ఉతుకుతాం." ఆ గుడ్డలు మళ్ళీ కనిపించలేదు. సాయంత్రానికి తీగ కూడా లేదు.

చిన్న పడవల్లో కూర్చుందామంటే తెడ్లు రిపేరుకి వెళ్ళాయి. ఫోను చేద్దామంటే టవరు పడిపోయింది. పాస్‌పోర్టులు అడిగితే సేఫ్ తాళం పట్నంలో ఉంది. ఎవరూ కాదనలేదు, ఎవరూ కసరలేదు. ప్రతివాళ్ళూ నవ్వారు. రాత్రిళ్ళు తలుపు గడియ మాత్రం బయటనుంచి పెట్టారు.

"కోతులండీ," అన్నాడు మేనేజరు కిటికీలోంచి.

"నాకు ఇప్పటిదాకా ఒక్క కోతీ కనపడలేదయ్యా, నువ్వు తప్ప," అంది నర్సక్క.

సీతాకోక రెండో రోజు పొద్దున బీచిలో కలిసింది. నీలం రంగు యోగా బట్టలు, నడుం దాకా జుట్టు, నడిస్తే ఇసుక మీద అడుగుజాడ కూడా సన్నగా పడుతుంది. పిన్ని ఆమె పక్కన చాప పరుచుకుని, సముద్రం నిన్నటికన్నా ఉప్పగా ఉందని చెప్పింది.

"నిన్న పంచదార కలిపాం," అంది సీతాకోక, చెయ్యి ఆకాశంలోకి చాపి. తరవాత పెదాలు కదపకుండా, "ఫిల్ము మేనేజరు దగ్గరుంది. శుక్రవారం దాకా కదలొద్దు. సిగ్నల్ ఇచ్చావో, కాల్చి బూడిద చేస్తారు. నన్ను నమ్ము."

పిన్ని నమ్మింది. కోడ్‌వర్డు సరిగ్గా చెప్పిన మనిషిని నమ్మకపోతే ఈ ఉద్యోగంలో ఇంకెవర్ని నమ్మాలి?

గురువారం వాళ్ళు స్నానానికి వెళ్ళొచ్చేసరికి ఎవరో గది వెతికారు. చాలా నీట్‌గా వెతికారు. మడతలు వేసిన బట్టలు మళ్ళీ మడతలు వేశారు. పౌడరు డబ్బా బరువు తగ్గింది. రేడియో పోయింది, దాని చోట ఇంకాస్త పౌడరు పోశారు. సువాసన మాత్రం బాగుంది.

దేనికోసం వెతికారు? ఫిల్ము వాళ్ళ దగ్గరే ఉంటే ఇంకేం కావాలి? పిన్నికి ఆ లెక్క తెగలేదు. కిటికీ బయట ఒకడు ఇసుక ఊడుస్తున్నాడు. పొద్దుటినుంచి అదే రెండడుగుల ఇసుక.

*

శుక్రవారం పొద్దున గడియ తీయలేదు. మధ్యాహ్నం రెండున్నరకి అది తీసుకుని సీతాకోక లోపలికొచ్చింది. చేతిలో టీ ట్రే, భుజాన బ్యాక్‌ప్యాకు. టైలరమ్మ మంచం మీద కూర్చుని నర్సక్క చొక్కాకి గుండీ కుడుతోంది.

సీతాకోక ట్రే బల్లమీద పెట్టి, పిన్ని దగ్గరికి వంగి గుసగుసగా అంది. "ఇచ్చెయ్యి. నీ దగ్గరకన్నా నా దగ్గర భద్రంగా ఉంటుంది."

"ఏది?"

"ఫిల్ము. ఆ పని చూడగానే అర్థమైంది. అంత శుభ్రమైన కుట్టు డిపార్టుమెంటు వాళ్ళు తప్ప ఎవరూ వెయ్యలేరు."

ఏ కుట్టు? పిన్ని నోరు తెరిచేలోగా టైలరమ్మ తలెత్తింది.

"అమ్మాయ్, బ్యాగు పట్టీ ఇప్పుడు హాయిగా ఉందా? మొన్న నువ్వు వరండాలో పెట్టి స్నానానికి వెళ్ళావు చూడు, అప్పుడు కుట్టాను. ఎవరు కుట్టారే అది, గోనెసంచి కుట్టినట్టు? మొత్తం విప్పి మూడు వరసలు వేశా. లోపల గట్టిముక్క ఒకటుంటే, భుజానికి గుచ్చుకుంటుందని తీసి..."



ఫిల్ము దాచింది సీతాకోక పట్టీలో. అంటే పట్టుకుపోయేది సీతాకోకే. కొంగ ఎవరిని నమ్మి ఆ ఊయలలో పడుకున్నాడో కూడా పిన్నికి అప్పుడే అర్థమైంది. డబుల్ ఏజెంట్.

"తీసి?" అంది సీతాకోక. గొంతులో తేనె లేదు.

పిన్ని బల్లమీది కప్పుని మోచేత్తో తోసేసింది. టీ టైలరమ్మ ఒళ్ళో పడింది. టైలరమ్మ కెవ్వుమంది.

"తీసి నాకిచ్చింది," అంది పిన్ని. "నేను బీచిలో పాతిపెట్టాను. చోటు నాకొక్కదానికే తెలుసు. మా ముగ్గుర్నీ బోటెక్కించు, చెబుతాను."

సీతాకోక ట్రే మీది గుడ్డ తీసింది. కింద పిస్టలుంది. "మూడూ నలభైకి బీచిలో ఉండాలి. చోటు చూపించకపోతే ఈ దీవిలో కొబ్బరికాయలకి కరువు లేదు."

తలుపు మూసుకుంది. గడియ పడింది.

 నర్సక్క టైలరమ్మ కాలిమీద కాలిన చోట తడిగుడ్డ వేసింది. తలెత్తకుండా అడిగింది. "నువ్వు స్టాంపులు అమ్మవు కదూ?"

"అమ్మను."

"ఇరవై రెండేళ్ళు. మా ఆయన పోయినప్పుడు పదమూడు రోజులు నా పక్కనే పడుకున్నావు. పోస్టాఫీసులో సెలవు పెట్టానన్నావు. అదీ అబద్ధమేనా?"

"సెలవు నిజమే అక్కా. పోస్టాఫీసు అబద్ధం."

"మమ్మల్ని ఇక్కడికి ఎరగా తెచ్చావా?"

పిన్ని గోడల వైపు చూసింది. గోడలు తాటాకువే, కానీ చుట్టూ నీళ్ళు. చీఫ్ బల్ల మీంచి తను ఆ కాగితం తీసుకున్న క్షణం గుర్తొచ్చింది.

"తిట్లు ఒడ్డు చేరాక తిడుదువుగాని," అంది టైలరమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "ముందు చెప్పవే వదినా. నేను తీసిన ముక్క అంత పెద్ద వస్తువా?"

"దానికోసం ఒక మనిషిని చంపేశారు. ఎక్కడ పెట్టావు?"

"నీ నెత్తిమీద."

"ఆఁ?"

"టోపీ అంచు వాలిపోతోందని గోలపెట్టానుగా? గట్టిముక్క దొరికింది కదాని అందులో వేసి కుట్టాను. మూడు రోజులుగా నిటారుగా నిలబడింది, నువ్వు గమనించావా? ఒక్క మాట అన్నావా?"

పిన్ని టోపీ తీసి చూసింది. అంచు గట్టిగా, అందంగా నిలబడి ఉంది. గూఢచారిగా ఇరవై ఆరేళ్ళ సర్వీసు. దేశమంతా వెతుకుతున్న వస్తువు ఎండకి అడ్డం పెట్టుకుని తిరిగింది.

మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. "ఇప్పుడు వినండి. వాళ్ళు మనల్ని బోటెక్కించరు. ఫిల్ము దొరికినా చంపుతారు, దొరక్కపోయినా చంపుతారు. కానీ ఆ మేనేజరు ఫోటో తీయకుండా ఎవర్నీ చంపడు. నవ్వుతున్న ఫోటో గోడమీద ఉంటే, పోలీసులు వచ్చినా ప్రమాదమే అనుకుంటారు. కొంగకి అలాగే చేశారు. మనకీ తీస్తాడు. సముద్రం ఒడ్డున, పట్టపగలు. అక్కా, నువ్వు తెలుపు. నువ్వు ఆ ఎర్ర చొక్కా వేసుకో టైలరమ్మా. నేను పచ్చ. తెలుపు మధ్యలో ఉండాలి. ఏమైనా సరే, తెలుపు మధ్యలోనే ఉండాలి."

నర్సక్క ఆమెని చాలాసేపు చూసింది. తరవాత చొక్కా తీసుకుని, గుండీ సగమే కుట్టి ఉన్నా, తొడుక్కుంది.

*

మూడూ నలభై ఐదు. బీచి. దూరంగా నీటిమీద చేపల పడవ, నలుసంత. ఇంకోవైపు స్పీడ్‌బోటు వస్తున్న చప్పుడు.

సీతాకోక బ్యాక్‌ప్యాకు తగిలించుకుని, ఛాతీ దగ్గరా నడుం దగ్గరా బకిల్సు బిగించుకుంది. చేతి మీద తువ్వాలు, దాని కింద పిస్టలు. "చోటు?"

"ముందు ఫోటో అండీ," అన్నాడు మేనేజరు, నవ్వుతూ. "పద్ధతి పద్ధతే."

వాళ్ళు సముద్రానికి ఎదురుగా నిలబడ్డారు. పచ్చ, తెలుపు, ఎరుపు. మేనేజరు కెమెరా కంటికి ఆనించి, మళ్ళీ దించాడు.

"బాగాలేదండీ. పొడుగావిడ మధ్యలో ఉంటే గుడి గోపురంలా ఉంది. పొట్టావిడ మధ్యలోకి రండి."

"నేనిక్కడే బాగున్నాను," అంది నర్సక్క.

"చెప్పినట్టు చెయ్యి," అంది సీతాకోక. తువ్వాలు కదిలింది.

నర్సక్క చివరికి జరిగింది. టైలరమ్మ మధ్యలోకి వచ్చింది. ఎరుపు మధ్యలో. అంతా క్షేమం, రావద్దు. పిన్నికి మైలు దూరంలో టెలిస్కోపు దించేస్తున్న చెయ్యి కళ్ళకి కట్టింది.

"నవ్వండి," అన్నాడు మేనేజరు.

నర్సక్క అటునుంచి పిన్ని మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్ళలో ఎన్నో దొంగ నొప్పుల్ని పట్టుకున్న మనిషి, ఇవాళ ఒక నొప్పిని తనే పుట్టించింది.

"ఏమే! ఏమిటే ఆ చెమటలు? పెదాలు నల్లబడ్డాయేంటి? జరగవే, జరుగు!" టైలరమ్మని ఒక్క తోపుతో అవతలికి నెట్టి, వచ్చి పిన్ని నడుం పట్టుకుంది. పిన్ని వెంటనే ఆమె మీదికి వాలింది. "ఎడం చెయ్యి లాగుతోందా? ఊపిరి పీల్చు. ఎవరూ కదలొద్దు! పేషెంటు కదలకూడదు!"

హెడ్‌నర్సు గొంతు అది. మేనేజరు కూడా కదలకుండా నిలబడిపోయాడు. పచ్చ, తెలుపు, ఎరుపు. ఒకటి, రెండు, మూడు... పిన్ని లోపల ఇరవై దాకా లెక్కపెట్టింది.

అలవాటు కొద్దీ మేనేజరు వేలు నొక్కింది. క్లిక్.

"చాలు నాటకం," అంది సీతాకోక. కెమెరా లాక్కుని ఆ ఫోటో చూసింది. ఏదో తట్టినట్టు వెనక్కి తిప్పి, వచ్చిన రోజు ఫోటో చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది. మొదటి ఫోటోలో టోపీ అంచు కళ్ళమీదికి వాలిపోయి ఉంది. రెండో ఫోటోలో నిటారుగా ఉంది.

ఆమె నవ్వింది. నిజంగా అందమైన నవ్వు. "శభాష్ పిన్నీ. నెత్తిమీదే పెట్టుకుని తిరిగావా?"

టోపీ లాక్కుంది. స్పీడ్‌బోటు మోకాలి లోతు నీళ్ళలో ఆగింది. దూరంగా ఉన్న నలుసు ఇప్పుడు నలుసు కాదు. చేపల పడవ నురగలు చిమ్ముకుంటూ వస్తోంది, చేపలు పట్టే పడవలకి ఉండకూడనంత వేగంతో. మేనేజరు కెమెరా సంగతే మరిచి కాటేజీల వైపు పరిగెత్తాడు.

సీతాకోక నీళ్ళలోకి పరిగెత్తింది. నాలుగు గంటలకి ఇంకా ఒక్క నిమిషం. బోటు ఐదడుగుల్లో ఉంది.

వెనకనుంచి నర్సక్క బ్యాగు పట్టీ పట్టుకుంది.

వంద కిలోల పేషెంట్లని మంచం మార్చిన చేతులవి. సీతాకోక ముందుకి గుంజింది. ఛాతీ మీద బకిలు, నడుం మీద బకిలు. బ్యాగు లోంచి జారడానికి లేదు. ఇక ఆ పట్టీ తెగాలి. పాత కుట్టయితే తెగేదే. ఆమె ఒళ్ళంతా విరిచి గుంజింది. పట్టీ కిర్రుమంది.

"తెగదమ్మా!" అని అరిచింది ఒడ్డునుంచి టైలరమ్మ. "మూడు వరసలు!"

పట్టీ తెగలేదు. సీతాకోక వెల్లకిలా నీళ్ళలో పడింది. పిస్టలు ఒకవైపు, టోపీ ఒకవైపు ఎగిరాయి. పిన్ని టోపీ మీదికి దూకింది. నర్సక్క సీతాకోక మీద కూర్చుంది. స్పీడ్‌బోటు ఎవరికోసమూ ఆగకుండా వెనక్కి తిరిగేసరికి, దాని దారికి అడ్డంగా చేపల పడవ నిలబడి ఉంది. సరిగ్గా నాలుగు.

*

సోమవారం డ్రైక్లీనింగ్ షాపు మేడమీద ముగ్గురూ కూర్చున్నారు. చీఫ్ టోపీ తిరిగి ఇచ్చాడు. ఫిల్ము తీసేశారు. అంచు మళ్ళీ మెత్తగా వేలాడుతోంది.

"దేశం మీకు రుణపడి ఉంది," అన్నాడు చీఫ్. "ఈ సంగతి మాత్రం బయట ఎక్కడా అనకూడదు. మీ స్నేహితురాలు ఎప్పటిలాగే పోస్టాఫీసులో పనిచేస్తోంది."

నర్సక్క పిన్ని వైపు చూసింది. దీవి వదిలాక ఆమెతో మాట్లాడటం ఇదే మొదలు. "ఈసారి ట్రిప్పుకి చోటు నేను చూస్తాను. నువ్వు స్టాంపులు అమ్ముకో."

ఈసారి అంది. పిన్నికి అది చాలు. కళ్ళు తుడుచుకోవడానికి తల తిప్పుకుంది.

టైలరమ్మ ఇవేవీ వినడం లేదు. టోపీ అంచుని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఎవరయ్యా ఇది విప్పింది?" అంది చీఫ్‌తో. "బ్లేడుతో పరపరా కోశారు! ఇంత దేశాన్ని కాపాడతారు, ఒక్క కుట్టు విప్పడం రాదా మీకు?"